సమ్మె రోజుల జపాను బడి

రాష్ట్రం కోసం జరిగిన సమ్మెలో మెదక్ పట్నంలోని బడులన్నీ మూతపడి ఉన్న రోజుల్లో, మా చెల్లెలు మాత్రం క్రమం తప్పకుండా బడికి వెళ్ళింది. ఆ బడి జపానులో, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉండేది. ఆ ఊరు మా ముందుగదిలోని టీవీలో ఉండేది.

రాసిన వాక్యాన్ని అలవాటు ప్రకారం మరోసారి పరిశీలిస్తే, "క్రమం తప్పకుండా" అన్న మాట నిలవదు. కరెంటు లేని పూట ఆమె వెళ్ళలేదు. బొగ్గు గనుల్లో కూడా పని ఆగిపోయినందున కోతలు పెరిగాయి. పొద్దున కోత ఒక్కో రోజు ఒక్కో వేళకు వచ్చేది. మధ్యాహ్నం కోత మాత్రం సరిగ్గా రెండు గంటలకు. మా వీధిలో ఆ నెలంతా గడియారాలను దాన్నిబట్టే సరిచేసుకున్నారు.

నేను భౌతికశాస్త్రంలో పీజీ చేసి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి; సమ్మెలో అదీ మూతపడింది. సాయంత్రాలు మా వరండాలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పేవాణ్ణి. ఎవరేం చెప్పినా "నీకెలా తెలుసు?" అని అడగడం వృత్తిగా మొదలై స్వభావంగా మారింది. "పాలు పొంగినయంటే గూడ గిన్నెల తొంగి చూసినంకనే నమ్ముతడు వీడు" అని మా అమ్మ చుట్టుపక్కల వాళ్ళకు చెప్పేది. అది ఫిర్యాదో, గొప్పో నేను తేల్చుకోలేదు. నాన్న బస్సు డిపోలో మెకానిక్. సమ్మెలో బస్సులు ఆగిపోయాయి కాబట్టి పొద్దున్నే డిపో ముందు వేసిన టెంటుకు వెళ్ళి, సాయంత్రం గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేవాడు.

చెల్లెలికి అప్పుడు పదిహేడేళ్ళు. ఇంటర్మీడియెట్ చదువుతుండవలసిన వయసు. ఆమె పదో తరగతి దగ్గరే ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయిందో ముందు చెప్పాలి.

ఏడాదిన్నర కిందటి మార్చిలో, భౌతికశాస్త్రం పరీక్ష నాడు, తనిఖీకి వచ్చిన బృందానికి ఆమె బెంచీ కింద, కాలి దగ్గర, ఒక చీటీ దొరికింది. అది మైక్రో జిరాక్స్. నోట్సులోని పేజీని రెండు వేళ్ళ మధ్య దాచుకునేంత చిన్నదిగా కుదించి తీసిన నకలును మా దగ్గర అలా అంటారు. పరీక్షల కాలంలో జిరాక్సు దుకాణాల్లో అదొక పద్ధతి. అక్షరాలు చీమలంత ఉన్నా, ఆ కేంద్రంలో ఉన్న ఒక ఉపాధ్యాయుడు ఆ చేతిరాతను గుర్తుపట్టాడు. నన్ను పిలిపించాడు.

"గిది నీ రాతేనా?"

చీటీని వెలుతురుకు పట్టి చూశాను. "నాదే సార్" అన్నాను.

అంతే. ఆ రోజు ఆ గదిలో నేను మాట్లాడింది ఆ రెండు మాటలే. ఆమె మీద కాపీ కేసు రాశారు. ఆ ఏడు ఆమె రాసిన పరీక్షలన్నీ రద్దయ్యాయి.

నేను అబద్ధం చెప్పలేదు. నా నోట్సు మా ఇంట్లో ఉంటుంది. చీటీలో ఉన్నది నా రాత. అది దొరికింది మా చెల్లెలి కాలి దగ్గర. మూడు పరిశీలనలూ ఒకే దిక్కును చూపిస్తుంటే నాలుగోది అవసరమని నాకు తోచలేదు. ఇంటికి వచ్చాక ఆమెను తిట్టలేదు. అసలు ఆ మాటే ఎత్తలేదు. తిట్టకపోవడం నా మంచితనమని చాలాకాలం అనుకున్నాను.

మరుసటి మార్చిలో ఆమె పరీక్ష రాయలేదు. ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. చేతిపని శుభ్రంగా ఉండడంతో వీధిలోని చీరలన్నీ మా ఇంటికే వచ్చేవి. ఇప్పుడు మూడో మార్చి రాబోతోంది. తప్పిన వాళ్ళు మళ్ళీ రాయాలంటే పాత బడి ద్వారానే ఫారం పంపాలి, దాని మీద ప్రధానోపాధ్యాయురాలి సంతకం ఉండాలి. సమ్మె ముగిసి బడి తెరవగానే ఫారాలు పంపుతారని అందరూ అంటున్నారు. ఈసారి కూడా రాయకపోతే ఇక ఎప్పటికీ రాయదని మా ముగ్గురికీ తెలుసు. అమ్మ బతిమాలింది. నాన్న అలిగాడు. నేను హేతుబద్ధంగా వివరించాను. చెల్లెలు పళ్ళతో దారం తెంపుతూ, "నా పని నాకున్నది" అనేది.

ఆ పరిస్థితిలో మా ఇంట్లోకి ఆ ఆట వచ్చింది.

దుబాయిలో ఏసీ మెకానిక్‌గా పనిచేసే మేనమామ సెలవుకు వచ్చినప్పుడు తన గదిలో అందరూ ఆడి వదిలేసిన వీడియోగేమ్ డబ్బాను, ఒకే ఒక్క డిస్కును ఇచ్చిపోయాడు. ఆడినంతవరకు ఆటను దాచుకునే మెమరీ కార్డు కూడా దాంతో వచ్చింది. అందులో ఆ గదిలోని ఎవరెవరో ఆడిన కార్ల పందేలు నిండి ఉన్నాయి. చెరిపేద్దామన్నాను. "పరాయోళ్ళు కష్టపడి ఆడింది చెరుపుతవా, పాపం తగుల్తది" అని అమ్మ అడ్డుపడింది. పాపం సంగతి నాకు తెలియదు. ఫలితంగా మా ఆటకు కార్డులో ఒక్కచోటు మాత్రమే మిగిలింది. కొత్తగా దాచుకున్న ప్రతిసారీ పాతది పోతుంది.

ఆ ఆటలో మనం ఒక విద్యార్థి. కొత్త ఊరికి వచ్చి, పిన్ని ఇంట్లో ఉంటూ బడిలో చేరతాడు. రోజులు నిజమైన రోజుల్లాగే ఒకటి తరవాత ఒకటి గడుస్తాయి. పొద్దున హాజరు, పాఠం, మధ్యలో ఒక ప్రశ్న. బడి విడిచాక ఎవరితో గడపాలో ఎంచుకోవచ్చు: ఒక పూటకు ఒకరే. అసలు సంగతి వేరే ఉంది. ప్రతి నెలాఖరుకూ ఒక విద్యార్థి పేరు హాజరుపట్టీలోంచి చెరిగిపోతుంది. పేరు చెరిగిన పిల్లను ఊరు మరచిపోతుంది, కన్నతల్లి సహా. మన విద్యార్థికి, అతని నలుగురు స్నేహితులకు మాత్రం గుర్తుంటుంది. వాళ్ళు బడి వెనక పాత భవనంలోకి దిగి, మెట్టు మెట్టుకూ భూతాలతో పోరాడుతూ, పేర్లు చెరుపుతున్నదెవరో కనిపెట్టాలి.

మాటలన్నీ తెర మీద ఇంగ్లీషులో వచ్చేవి. చెల్లెలు చదివింది తెలుగు మీడియం. నేను చదివి చెప్పాలి, ఆమె మీటలు నొక్కాలి. ఆ విధంగా, ఏడాదిన్నరలో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అన్నవి తప్ప మాటలు లేని మేమిద్దరం రోజుకు నాలుగైదు గంటలు పక్కపక్కన కూర్చున్నాం.

అమ్మ బియ్యం ఏరుతూ చూసేది. ఆ బడిలో పిల్లలే చీపుర్లు పట్టి తరగతి గది ఊడ్చుకోవడం చూసి, "గంత పెద్ద బడికి ఒక్క ఆయమ్మను పెట్టుకోలేరా?" అని బాధపడింది. నాన్న టెంటు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ రోజూ ఒకే మాట అనేవాడు: "ఏందిరా, వాళ్ళ బడి ఇంక బంద్ పెట్టలేదా? వాళ్ళకు రాష్ట్రం వద్దా?"

నేను ఆ ఆటను కూడా నమ్మలేదు. పదిలో తొమ్మిది సార్లు తగులుతుందని అది చెప్పే దెబ్బ నిజంగా అలాగే తగులుతోందా అని రెండు రోజులు గీతలు గీసి లెక్కించాను. తగులుతోంది. తరవాత ఒక నోట్‌బుక్ తీసి, అనుమానితులందరి పేర్లు నిలువుగా, ఆధారాలు అడ్డంగా రాసి పట్టిక కట్టాను. చెల్లెలి పద్ధతి వేరు.

"గా లెక్కల సార్‌కు ఏదో తెల్సు అన్నా."

"నీకెట్ల తెలుసు?"

"చూపు చూడు."

"బొమ్మకు చూపేంది?"

"నీకు మనుషుల చూపే తెల్వది, ఇగ బొమ్మలదేం తెలుస్తది."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

ఒక పొద్దున ఆ తెర మీది టీచరు అడిగిన ప్రశ్న నేను చదివి చెప్పేలోపే, పక్కనున్న బొమ్మ చూసి ఆమె మీట నొక్కేసింది. నీళ్ళలో పెట్టిన కర్ర ఎందుకు వంగినట్టు కనబడుతుంది అన్నది ప్రశ్న. జవాబు సరైనదే. తెర మీది పిల్లలంతా ఇటు తిరిగి చూశారు, ఒకతను చప్పట్లు కొట్టాడు. చెల్లెలు వెంటనే ముందుకు జరపలేదు. ఆ పిల్లలు అలా చూస్తూ ఉండగా ఆమె కాసేపు వాళ్ళను చూసింది. నేను నోట్‌బుక్‌లోకి తలవంచుకున్నాను.

ఆ బడి గ్రంథాలయంలో ఒక అమ్మాయి ఉండేది. ఎవరితోనూ కలవదు. ఒక సాయంత్రం ఆమెతో గడుపుదామని చెల్లెలు చాలాసార్లు అడిగింది. నేను ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి పోరాటంలో పాల్గొనే మనిషి కాదు. ఆమెతో గడిపే పూట మనకు ఏ బలాన్నీ ఇవ్వదు. కలిసి పోరాడేవాళ్ళతో గడిపితేనే ప్రయోజనం. "సరే తియ్యి" అనేది చెల్లెలు.

ఆటలో సగం ఏడాది గడిచేసరికి, పాత భవనం తలుపు దగ్గర ఒక తాళంచెవి దొరికింది. గ్రంథాలయపు అమ్మాయిది. మరో ఇద్దరు ఆమెను అటువైపు చూశామన్నారు. నా పట్టికలో ఆమె వరుస నిండిపోయింది. ఆ నెలాఖరున, బడి పెద్దల ముందు ఎవరి పేరు చెబుతావని ఆట అడిగింది. చెప్పిన పేరు గల మనిషిని బడిలోంచి తీసేస్తారు.

అప్పుడు మధ్యాహ్నం రెండుకు పదిహేను నిమిషాలు తక్కువ. ఫాల్ కుట్టిన చీర ఇచ్చి రమ్మని అమ్మ చెల్లెలిని పక్క వీధికి పంపింది. వెళుతూ గడపలోంచి, "నేనొచ్చిందాక ఎవ్వరి పేరు చెప్పకు" అంది.

నేను ఎదురుచూశాను. ఆమె రాలేదు. రెండుకు కోత. ఆటను దాచుకోకపోతే పొద్దుటినుంచీ ఆడినదంతా పోతుంది. దాచుకోవాలంటే ముందు ఆ ప్రశ్నను దాటాలి. ఆ నెలంతా రెండు కాకముందే మోటారు వేసుకోవడం, పిండి రుబ్బుకోవడం, ఇస్త్రీ ముగించడం చూసి చూసి మా అందరి చేతులకు ఒక తొందర అలవాటయింది. ఆ తొందరను నేను ఒక సాకుగా చెబుతున్నానేమో కూడా ఆలోచించాను. కొంత సాకే. నాకు నా పట్టిక మీద నమ్మకం ఉంది.

గ్రంథాలయపు అమ్మాయి పేరు ఎంచుకున్నాను.

తప్పని గాని, ఒప్పని గాని ఆట ఏమీ అనలేదు. మరునాటి పొద్దు చూపించింది. టీచరు హాజరు తీసుకుంది. ఒక్కొక్క పేరూ చదువుతూ, ఆ అమ్మాయి పేరు రావలసిన చోట ఆగకుండా తరవాతి పేరుకు వెళ్ళింది. ఎవరూ తలెత్తలేదు. పట్టీ మూసి పాఠం మొదలుపెట్టింది. నేను ఆటను దాచుకున్నాను. రెండయింది. తెర నల్లబడింది.

చెల్లెలు గడపలోకి వచ్చి ఆ నల్లటి తెరనూ, నన్నూ చూసింది.

"ఏమైంది?"

"పేరు చెప్పేసిన."

"ఎవరిది?"

నేను జవాబివ్వకముందే ఆమెకు తెలిసిపోయింది. "సేవ్ గూడ చేసినవా?"

"కరెంటు పోతది గదా."

ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. "గా పిల్లను ఒక్కసారన్న అడిగినమా అన్నా? గా తాళంచెవి గాడికెట్ల పోయిందమ్మా అని?"

"అడిగితే నిజం చెప్తదని నమ్మకమేంది?"

"చెప్పకపోవచ్చు. అడగాలె గద."

"ఆధారాలన్నీ..."

"నన్ను గూడ అడగలే నువ్వు."

గొంతు పెంచలేదు. లేచి, వరండాలోకి వెళ్ళి, మరో చీర మడత విప్పుకుంది.

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, ఏడాదిన్నర కిందటి మూడు పరిశీలనలను రాశాను. నా నోట్సు మా ఇంట్లో ఉంది. చీటీలోది నా రాత. దొరికింది ఆమె కాలి దగ్గర. నా విద్యార్థి ఎవరైనా ఈ మూడింటి కింద నేను చేసిన నిర్ధారణను రాస్తే సున్నా వేసేవాణ్ణి. మొదటి వాక్యమే తప్పు. నా నోట్సు మా ఇంట్లో మాత్రమే లేదు. ఆ ఏడాది ట్యూషన్‌కు వచ్చిన పిల్లలందరికీ ఇచ్చాను. రాసుకుని తిరిగి ఇవ్వమన్నాను. రాసుకునే ఓపిక ఎవరికుంటుంది?

మర్నాడు దవాఖాన దారిలోని జిరాక్సు దుకాణానికి వెళ్ళాను. బంద్ రోజు కావడంతో యజమాని షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు. వంగి లోపలికి వెళ్ళి, నా నోట్సు ఎప్పుడైనా ఇక్కడ జిరాక్సు తీశారా అని అడిగాను.

"ఎప్పుడైననా?" అని అతడు నవ్వాడు. "పరీక్షల దినాలల్ల మీ నోట్సుకు ఉన్న గిరాకి దేనికి లేకుండె సార్. మంచిగ గుండ్రంగ రాస్తరు గద, ఎంత చిన్నగ చేసినా అక్షరం కనబడ్తది."

"మైక్రో తీసేవారా?"

"మరి పెద్దగ తీస్తే ఏడ దాస్తరు?"

"ఎవరెవరు తీసుకెళ్ళారు?"

"గది యాడ గుర్తుంటది సార్. హవేలిఘనపూర్ దిక్కు పిల్లలు గూడ వచ్చి పట్టుకపోయిండ్రు. నేనైతే మీరే పంపుతున్నరనుకున్న. మా పిల్లలు పాస్ గావాలని సార్ మస్తు పరేషాన్ అయితుండు అనుకున్న."

నేను కోపగించుకోలేదు. అతడు కూడా చూసినదాన్నిబట్టి ఒక నిర్ధారణ చేశాడు, నన్ను అడగలేదు. అంతకంటే వేరుగా నేనేం చేశాను?

ఇంటికి వచ్చి పాత నోట్సు వెతికాను. కటకాల పాఠంలో ఒక బొమ్మలో కిరణం బాణాన్ని నేను మొదట తప్పు దిశలో గీశాను. ఆ సంక్రాంతి సెలవుల తరవాత పొరపాటు గమనించి, ఇంట్లో ఉన్న నోట్సులో ఎర్ర సిరాతో సరిచేశాను. అంతకుముందే బయటికి వెళ్ళిన నకళ్ళలో బాణం తప్పుగానే ఉంటుంది. మరి ఆ రోజు నాకు చూపించిన చీటీలో బాణం ఎటు ఉంది? కళ్ళు మూసుకుంటే తప్పు దిశలోనే కనబడింది. కాని అలా కనబడాలని నాకు అప్పటికే బలంగా ఉంది. నమ్మాలని ఉన్నప్పుడు ఊరే జ్ఞాపకాన్ని నేను మరొకరి నుంచి సాక్ష్యంగా తీసుకోను. నా నుంచీ తీసుకోలేదు. పైగా బాణం ఎటున్నా, ఆ దుకాణంలో చీటీ ఎవరైనా కొనుక్కోవచ్చు, మా చెల్లెలితో సహా. పరిశీలించగలిగినదంతా పరిశీలించాను. తేలింది ఏమీ లేదు. మిగిలిన దారి ఒక్కటే, అది మొదటి రోజే తెరిచి ఉండింది.

ఆమె వరండాలో నీలం చీర అంచుకు ఫాల్ వేస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఆ రోజు గా చీటీ నువ్వు తీసుకపోయినవా?"

సూది ఆగింది. "ఇప్పుడడుగుతున్నవా?"

"ఇప్పుడడుగుతున్న."

రెండు కుట్లు వేసింది. "నాది కాదు. వెనక బెంచీ నుంచి వచ్చి పడ్డది. స్క్వాడ్ వచ్చిందని ఎవరో ఇసిరేసిండ్రు. నేను కాలుతోని తొక్కిపట్టిన."

"ఎందుకు? చెయ్యెత్తి సార్‌ను పిలవాల్సింది."

"పిలిస్తే వెనక పిల్ల దొరుకుతుండె. ఆమె అప్పటికే ఏడుస్తుండె."

"ఎవరామె?"

"చెప్ప."

"ఎందుకు చెప్పవ్?"

"నువ్వు నోట్‌బుక్కుల రాస్తవ్."

నేను తల దించుకున్నాను. ఆమే మళ్ళీ అంది: "నువ్వొస్తున్నవంటే ధైర్యమొచ్చింది ఆ రోజు. మా అన్న అన్నిటికి 'నీకెట్ల తెలుసు' అంటడు గద, గాళ్ళను గూడ గట్లనే అడుగుతడనుకున్న. నువ్వొచ్చి నాదే సార్ అన్నవ్. ఇంటికొచ్చినంక అడుగుతవేమో అని చూసిన. తెల్లారి చూసిన. తర్వాత చూసుడు బంద్ చేసిన."

సూదిలోకి దారం ఎక్కించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి తోసేసింది.

"ఫారం రాస్త," అంది చివరికి. "గని, నాదే సార్ అన్న నోటితోనే మా మేడంకు పోయి చెప్పాలె. నేను గూడ వస్త. నా ముందట చెప్పాలె."

బడి మూసి ఉంది. మేడం, అంటే ఆమె చదివిన బడి ప్రధానోపాధ్యాయురాలు, మర్నాడు చౌరస్తాలోని టెంటులో నిరాహారదీక్షలో కూర్చున్నారు. ఉపాధ్యాయులు రోజుకు కొందరు చొప్పున వంతులవారీగా కూర్చునేవారు. మేము వెళ్ళేసరికి మెడలో బంతిపూల దండతో, ఒళ్ళో గొడుగుతో, తివాచీ మీద ముందు వరుసలో ఉన్నారు. చెల్లెలు టెంటు గుంజ దగ్గర ఆగిపోయింది.

నేను ముందుకు వెళ్ళగానే మైకు పట్టుకున్నతను ఉత్సాహపడ్డాడు. "ట్యూషన్ సార్ మన దీక్షకు మద్దతు చెప్తడట, జర జాగ ఇయ్యుండ్రి!" అని మైకు నా చేతిలో పెట్టాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక పట్టుకునే మేడం ముందు కూర్చున్నాను. అది ఆపి లేదని నేను గమనించలేదు. పరికరాన్ని వాడేముందు తనిఖీ చెయ్యమని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి.

రాత్రి రాసుకున్నది రాసుకున్నట్టు అప్పజెప్పాను. "మేడం, ఆ చీటీలోని రాత నాదే. కాని ఆ రాత గల నకళ్ళు పట్నమంతా ఉన్నాయి. కాబట్టి రాతనుబట్టి చీటీ ఎవరిదో చెప్పడానికి వీల్లేదు. మా చెల్లెలు దాన్ని తేలేదని నేను నిరూపించలేను. తెచ్చిందని కూడా ఎవరూ నిరూపించలేదు. నిరూపణ అయినట్టు అందరికీ అనిపించిందంటే అందుకు కారణం నా మాట."

మాటలు ఎక్కడో దూరం నుంచి రెండోసారి వినిపిస్తున్నాయి. చౌరస్తాలోని నాలుగు మైకు బూరల్లోంచీ వస్తున్నది నా గొంతేనని అప్పుడు అర్థమైంది. చాయ్ దుకాణం ముందున్నవాళ్ళు ఇటు తిరిగి నిలబడ్డారు.

మేడం అంతా విన్నారు. "ఉపన్యాసం మంచిగున్నది సారూ. పొద్దటి నుంచి తిండిలేక కూసున్న, నాకు గదంత ఎక్కది. ఒక్క ముక్క చెప్పు. పిల్ల కాపీ కొట్టిందా, కొట్టలేదా?"

మైకు దించాలని తెలుసు. గుంజ దగ్గర చెల్లెలు చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది.

"కొట్టలేదు మేడం" అన్నాను.

నా చేతిలో ఆధారం లేకుండా, "బహుశా" అన్న మాట చేర్చకుండా, అంతమంది ముందు నేను ఒక వాక్యం చెప్పడం అదే మొదలు. నాలుగు బూరలూ ఆ మాటను మళ్ళీ పలికాయి.

"గది చెప్పుడానికి ఏడాదిన్నర పట్టిందా నీకు?" అన్నారు మేడం. తరవాత చెయ్యి ఊపి చెల్లెలిని పిలిచారు. "ఇటు రా బిడ్డా. దూరంగ నిలబడ్డవేంది, నిన్నేమన్న తింటనా? తినే దినం గూడ కాదు గిది." టెంటులో నవ్వులు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తన దండలోంచి ఒక బంతిపువ్వు తెంపి చేతిలో పెట్టారు. "నేను గూడ నిన్నడగలే. గాళ్ళు కాయితం పంపిండ్రు, నేను దాని కింద దస్కత్ చేసిన. బడి తెరిచిన తెల్లారి రా. ఫారం తీసి పెడ్త."

సాయంత్రందాకా చెల్లెలు అక్కడే కూర్చుంది. ఆ రోజు దీక్షలో ఉన్నవాళ్ళ లెక్కలో ఆమెను కూడా కలిపి చదివారు. మధ్యాహ్నం ఆమె ఇంట్లో భోంచేసి వచ్చిందని నాకు తెలుసు. నేను సరిదిద్దలేదు.

సమ్మె ముగిసి బడులు తెరిచాయి. మర్నాడు ఆమె తయారై, నేను చెప్పులు వేసుకోబోతుంటే, "నువ్వద్దు. నేనే పోత" అంది. ఆమెతో వెళ్దామని కాలేజీకి సెలవు పెట్టిన నేను ఇంట్లో ఉండిపోయాను. టీవీ ముందు కూర్చున్నాను, కరెంటు ఉంది, డబ్బాను ముట్టుకోలేదు. వాకిట్లో అడుగుల చప్పుడైన ప్రతిసారీ అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

పన్నెండింటికి వచ్చింది. వస్తూనే అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. అమ్మ కంగారుపడింది.

"ఏమైందే? ఫారం ఇచ్చినవా, లేదా?"

"ఇచ్చిన, ఇచ్చిన. మేడం పెద్ద పట్టీల పేర్లన్ని రాస్తున్నరమ్మా, రాసి ఒక్కొక్కటి బయటికి చదువుతున్నరు, తప్పు పోవద్దని. నా పేరు చదివిండ్రు. నేను నిలబడి 'ప్రెజెంట్ మేడం' అన్న!"

"ఆఫీసులనా?"

"ఆఫీసులనే! క్లర్క్ సారు, అటెండరు, అందరు ఒకటే నవ్వుడు. మేడం కండ్లద్దాలు తీసి తుడుసుకున్నరు."

ఆ మార్చిలో ఆమె పరీక్ష రాసింది, పాసయింది. ఆట ఆడినందువల్ల ఆమె బడికి తిరిగి వెళ్ళిందని నేను అనను. అమ్మ అలాగే చెబుతుంది, మేనమామకు ఫోనులో కృతజ్ఞతలు కూడా చెప్పింది. ఆట లేకుండా ఏమయ్యేదో చూడడానికి మాకు మరో చెల్లెలు, మరో సమ్మె లేవు. నాకు తెలిసింది ఇంతే: ఆ రోజు ఆమె ఫారం ఇచ్చి వచ్చింది, భోంచేసింది, చేతులు కడుక్కుని డబ్బా ముందు కూర్చుంది.

మేము నెలరోజులు ఆడి దాచుకున్నదాన్ని చెరిపేసింది. కార్డులోని పరాయివాళ్ళ కార్ల పందేలను మాత్రం అలాగే ఉంచింది. మళ్ళీ మొదటి రోజు. కొత్త ఊరు, పిన్ని ఇల్లు, బడి. టీచరు హాజరు తీసుకుంటోంది. గ్రంథాలయపు అమ్మాయి పేరు వచ్చినచోట చదివింది, వెనక వరుసలోంచి ఒక సన్నటి గొంతు పలికింది.

బడి విడిచాక ఎవరితో గడుపుతావని ఆట అడిగింది. చెల్లెలు నావైపు చూడకుండానే గ్రంథాలయం వైపు నడిచింది. ఆ అమ్మాయి తలెత్తి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ నేను చదివి చెప్పబోయాను.

"ఆగు," అంది చెల్లెలు, డిక్షనరీ ఒళ్ళోకి లాక్కుంటూ. "నాకు చెప్తున్నది ఆమె. నేను చదువుకుంట."

ఆ అమ్మాయి దోషి అవునో కాదో ఇక్కడ రాయను. ఆ ఆటను ఇంకా ఆడనివాళ్ళు ఉంటారు, వాళ్ళే అడిగి తెలుసుకోవడం మంచిది. నేను నోట్‌బుక్ మూసి, రెండయ్యేలోగా మోటారు వెయ్యడానికి లేచాను. సమ్మె ముగిసిందని, ఆ కోత ఇక లేదని మోటారు దగ్గరికి వెళ్ళేదాకా గుర్తురాలేదు.